ఎల్లోహ్యామర్ పిట్ట ఫోటో కోసం దాని పాటే వినిపించడం తప్పా?

కొత్త కెమెరా: ఇంగ్లండ్‌కు వచ్చి రెండేళ్లయింది. నిరుడు మే నెలలో లింకన్‌షైర్ పొలాల్లో మొదటిసారి ఎల్లోహ్యామర్‌ను చూశాను. నిమ్మపండు రంగు తల, తోక మొదట్లో ఇటుక రంగు. కెమెరా ఎత్తేలోపే పొదల కంచె అవతలికి జారుకుంది. ఫోనులో దాని పాట పెడితే నిమిషంలో ఎదురుకొమ్మ మీద వాలుతుందని ఒకాయన చెప్పారు. చట్టమూ అడ్డు చెప్పదట. పెట్టవచ్చా?

పాత లెన్సు: వాలుతుంది, నిజమే. తన హద్దులోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని తరమడానికి వస్తుంది. లేని శత్రువును వెతుకుతూ తిరిగినంతసేపూ దానికి మేత లేదు, పిల్లలకూ లేదు. గూడు కంచె మొదట్లోనో, నేల మీద గడ్డిలోనో ఉంటుంది. 1970 నాటితో పోలిస్తే బ్రిటన్‌లో సగానికి పైగా తగ్గిపోయి, 2002 నుంచి అక్కడి ఎర్రజాబితాలో, అంటే అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే పక్షుల జాబితాలో, ఉన్న పిట్ట ఇది.

రైతుబిడ్డ: తగ్గించింది ఫోటోగ్రాఫర్లా? వసంతంలో బార్లీ విత్తే పద్ధతి పోయి, చలికి ముందే గోధుమ విత్తడం మొదలైంది. దాంతో కోసిన మోళ్లలో రాలిన గింజలు చలికాలమంతా ఏరుకునే వీలు పోయింది. కంచెలు పీకేశారు, కలుపుమందులు కొట్టారు. వాటి ముందు అర నిమిషం పాట ఎంత?

పాత లెన్సు: పెద్ద దొంగను చూపించి చిన్న దొంగను వదిలేయమంటున్నారు. మీరొక్కరే అర నిమిషం పెడితే నేనూ పట్టించుకోను. ఆ కొమ్మ ఎక్కడుందో నెట్‌లో పెట్టాక శనివారం పదిమంది వస్తారు, పదిమందీ అర నిమిషమే అంటారు. ఇక చట్టం సంగతి. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మొదటి షెడ్యూలులోని, అంటే ప్రత్యేక రక్షణ ఉన్న జాబితాలోని, పక్షులను గూటి దగ్గర అలజడి పెట్టడం నేరం. ఎల్లోహ్యామర్ ఆ షెడ్యూలులో లేదు, అంతే.

గింజల సంచి: అసలు పాటతో పనేమిటి? ఇది అలవాటైన కొమ్మ మీదికే మళ్లీ మళ్లీ వచ్చి పాడుతుంది. మిగతా పిట్టలు నోరు కట్టుకున్న ఆగస్టు ఎండలోనూ పాడుతుంది. ‘కాస్త రొట్టె, జున్ను లేదు’ అంటున్నట్టు ఉంటుందని ఇంగ్లీషువాళ్ల మాట; నా చెవికి జున్ను ఎన్నడూ వినబడలేదు. పైగా దాని పాటకు ప్రాంతానికో యాస ఉంది. 19వ శతాబ్దంలో న్యూజిలాండ్‌కు తీసుకెళ్లిన పిట్టల సంతతి పాడే కొన్ని యాసలు ఇప్పుడు బ్రిటన్‌లోనే వినబడవు. మీరు నెట్ నుంచి దించుకున్నది ఏ ఊరి పాటో! కారులోంచి దిగకుండా, కిటికీలో బియ్యం సంచి పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. ఫిబ్రవరిలో అయితే పక్షులకు గింజలు చల్లే రైతును అడిగి వెళ్లండి. గుంపులుగా దిగుతాయి.

రైతుబిడ్డ: గింజలు చల్లి రప్పిస్తే పుణ్యం, పాట పెట్టి రప్పిస్తే పాపమా?

గింజల సంచి: గింజలతో దాని కడుపు నిండుతుంది. పాటతో మీ కార్డు నిండుతుంది.

కొత్త కెమెరా: నిన్న కారులో రెండు గంటలు కూర్చున్నాను. పిట్ట వచ్చింది, పాడింది, నాకు వీపు చూపించి. తోక మొదట్లోని ఇటుక రంగు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ముఖం కోసం ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.