ప్రభుత్వ లంక, కౌలు రైతు చేను: షికారుకి వెళ్ళే హక్కు మనకుందా?

రాజమండ్రి_సైకిల్

సూటిగా అడుగుతున్నాను. గోదారి లంకల్లో ప్రభుత్వ భూమిని సేద్యానికి లీజుకిస్తే, ఆ రోజు నుంచి మిగతా జనం అందులో అడుగు పెట్టకూడదా?

ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఒక లంక ఉంది. శీతాకాలం వస్తే మా సైకిల్ బ్యాచ్ అక్కడికి వెళ్తుంది. పంటు (బండ్లని కూడా దాటించే పెద్ద పడవ) దిగి పుంత (చేల మధ్య బండ్ల దారి) వెంట తొక్కుకుంటూ పోతే అవతలి పాయ ఒడ్డున పెద్ద ఇసుక తిన్నె వస్తుంది. అక్కడ కాసేపు కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేస్తాం. ఈసారి పుంతకి అడ్డంగా ముళ్ళ కంప వేసి ఉంది. "లీజు నాది, లోపలికి రావద్దు" అన్నారు అక్కడి రైతు. గొడవేమీ పడలేదు, తిరిగొచ్చేశాం.

అది జిరాయితీ, అంటే ఒకరి సొంత పట్టా భూమి అయితే ఈ ప్రశ్న అడిగేవాణ్ణే కాదు. నది లంక ప్రభుత్వానిది, అంటే మనందరిది. సేద్యానికి ఇచ్చారు, సేద్యం చేసుకోమనండి. నడిచి వెళ్ళేవాణ్ణి ఆపే అధికారం కూడా అందులో కలిపి ఇచ్చేశారా? 2027లో పుష్కరాలు. అప్పటికి జనం పది రెట్లు వస్తారు. ఇప్పుడే తేల్చుకోకపోతే ప్రతి రేవు దగ్గరా కొట్లాటే.

లంక_కౌలు

మీ మీద కోపం లేదండి. మీరు సైకిల్ మీద వస్తారు, పులిహోర తింటారు, వెళ్ళిపోతారు. మీ వెనకాల వచ్చేవాళ్ళతోనే మా టెన్షన్.

పోయిన కార్తీకంలో వనభోజనాలని పంటు మీద కార్లెక్కించుకొచ్చారు. వంగ మడిలో పార్కింగు. డ్రిప్పు పైపుల మీద టైర్లు. జనరేటరు పెట్టి సాయంత్రం దాకా పాటలు. వాళ్ళు పోయాక ఏరితే గోతాల్లో సీసాలు. ఏరినవి సరే, పగిలినవి ఇసుకలో ఉండిపోయాయి. మా ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా కలుపు తీస్తారండి. ఆ నెలంతా ఎవరో ఒకరి కాలికి గుడ్డ కట్టి ఉంది.

పొగాకు వేసిన చోట ఇంకో బాధ. లంక పొగాకు చుట్టలకి పోతుంది. ఆకు చిరిగితే, దుమ్ము పడితే రేటు పోయినట్టే. చేను పక్కన నాలుగు బైకులు ఇసుకలో గిరగిరా తిరిగితే ఆ దుమ్ము ఎక్కడ వాలుతుందో మీరే చెప్పండి. ప్రీవెడ్డింగ్ షూట్ వాళ్ళయితే అడగకుండా బంతి తోటలోకి దిగిపోతారు. పూలు మేం అమ్ముకోడానికి వేసుకున్నాం, వాళ్ళ ఫొటోల కోసం వేయలేదు.

రేవు_బుల్లోడు

అంత నష్టమైతే మనిషికి యాభై టికెట్ పెట్టు బాబాయ్. రైతుకి డబ్బులు, వాళ్ళకి ఫొటోలు. లెక్క సరి.

రిటైర్డ్_ఆర్ఐ

టికెట్ పెట్టిన రోజే ఆయన లీజు పోతుంది. ఇచ్చింది సేద్యానికి. వేరే పనికి వాడితే షరతు ఉల్లంఘన కింద రద్దు చేయొచ్చు. సలహాలు ఇచ్చేముందు కాస్త చూసుకోండి.

ఇక అసలు ప్రశ్నకొస్తాను. రెవెన్యూలో చాలాకాలం చేశాను, లంకల జమాబందీలు, అంటే ఏటేటా తేల్చే శిస్తు లెక్కలు చూశాను.

నది గర్భం ప్రభుత్వానిదని 1905 నాటి భూ ఆక్రమణల చట్టంలోనే ఉంది. అందులో వాదన లేదు. కానీ యాజమాన్యం వేరు, స్వాధీనం వేరు. లీజిచ్చాక స్వాధీనం రైతుది. అద్దెకిచ్చిన ఇంట్లోకి ఓనరే చెప్పకుండా రాకూడదు, ఇక ఓనరు చుట్టాలెలా వస్తారు? భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షను కూడా "స్వాధీనంలో ఉన్న" ఆస్తి గురించే మాట్లాడుతుంది. అయితే ఊరికే నడిచి వెళ్ళినంత మాత్రాన నేరం అయిపోదు. నేరం చేయాలనో, భయపెట్టాలనో, అవమానించి ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. అంటే సైకిల్ బాబుని కేసులో ఇరికించడం కుదరదు. ఆయన్ని రావద్దని చెప్పే హక్కు మాత్రం రైతుకుంది.

లంకలన్నీ ఒకే రకం కావు. మెరకని బట్టి, ముంపుని బట్టి ఏ, బి, సి అని తరగతులున్నాయి. ఒకప్పుడు చాలావరకు ఏకసాల లీజులే, ఏటేటా శిస్తు కట్టుకోవాలి. ఎస్సీ సహకార సేద్య సంఘాల చేతిలో ఉన్న లంకలూ ఉన్నాయి. ఏ కాగితమూ లేకుండా శివాయి జమా (అనుమతి లేని సాగుకి వేసే శిస్తు) కింద కట్టుకుంటూ తరాలు గడిపినవాళ్ళూ ఉన్నారు. 2023లో ఏ, బి వాటికి డి పట్టాలు (పేదలకి సాగుకోసం ప్రభుత్వం ఇచ్చే పట్టాలు), సి వాటికి ఐదేళ్ళ లీజు అని ప్రభుత్వం నిర్ణయించింది. డి పట్టా అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు గానీ, అనుభవం పూర్తిగా రైతుదే. అక్కడ మీ 'మనందరిది' అనే వాదన ఇంకా బలహీనం.

రాజమండ్రి_సైకిల్

గురువుగారూ, ఇసుక తిన్నె సంగతో? అక్కడ ఎవరూ ఏమీ పండించరు. అది కూడా లీజులో ఉన్నట్టేనా?

రిటైర్డ్_ఆర్ఐ

లీజు కాగితంలో సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. సాగు చేయని తిన్నె సాధారణంగా అందులో ఉండదు, అది నది గర్భమే. కాబట్టి మీ తగాదా తిన్నె గురించి కాదండీ, దానికి పోయే దారి గురించి.

పక్షుల_పిచ్చి

ఇక్కడ నేనూ ఒక మాట చెప్పాలి. వేసవి మొదట్లో ఆ తిన్నెల మీద పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఏమీ ఉండదు, ఇసుకలో చిన్న గుంట అంతే. ఇసుక రంగూ గుడ్డు రంగూ ఒకటే, కాలు వేసేదాకా కనపడదు. కాబట్టి "ఎవరూ ఏమీ పండించరు కదా, ఖాళీయే కదా" అంటే నేను ఒప్పుకోను.

అలాగని ముళ్ళ కంపనీ సమర్థించను. బైనాక్యులర్స్ పట్టుకుని ఇద్దరం ఆడవాళ్ళం నడిచి వెళ్తేనే "ఎవరు పంపారు, సర్వేనా" అని నిలబెట్టి అడిగారు ఒక చోట. కాలినడకనీ కార్ల జాతరనీ ఒకే గాటన కట్టడమే అసలు చిక్కు. నడిచే ఆరుగురికి ఒక రూలు, బండికి ఇంకో రూలు పెట్టుకోలేమా?

కాల్గరీ_కోనసీమ

మాది అంబాజీపేట వైపు, ఇప్పుడు ఉండేది కెనడాలో. అచ్చం ఇదే తగాదా ఇక్కడ ఆల్బర్టాలో ఉంది. పశువుల మేతకీ సేద్యానికీ ప్రభుత్వం లీజుకిచ్చిన భూములు విస్తారంగా ఉన్నాయి. వేటకో, నడకకో జనం వెళ్తామంటారు, లీజుదారు వద్దంటాడు. 2003లో దీనికోసమే ఒక నిబంధన తెచ్చారు.

దాని ప్రకారం వెళ్ళేవాడు ముందుగా లీజుదారుకి చెప్పాలి. కాలినడకన వస్తానంటే లీజుదారు మామూలుగా ఒప్పుకోవాలి. అయితే కోయని పంట ఉన్న చోట, కంచె వేసిన బీడులో పశువులున్నప్పుడు, మంటలు నిషేధించిన రోజుల్లో కాదనొచ్చు. బండి మీదో గుర్రం మీదో వస్తామన్నా, గుడారం వేస్తామన్నా కాదనొచ్చు. గొడవొస్తే తేల్చడానికి ఒక అధికారి ఉంటాడు. ఇంకో ముఖ్యమైన సంగతి: షికారుకొచ్చినవాడు కాలు విరగ్గొట్టుకుంటే లీజుదారు మీద పడే బాధ్యతని కూడా అప్పుడే బాగా తగ్గించారు. పక్షుల మేడమ్ అడిగిన రూలు దాదాపు ఇదే.

లంక_కౌలు

బాధ్యత మాటెత్తారు కాబట్టి చెప్తాను. 2025 మే నెలలో ముమ్మిడివరం వైపు కమినిలంక దగ్గర గోదాట్లో స్నానానికి దిగి ఎనిమిది మంది కుర్రాళ్ళు పోయారు. ఇసుక మీద నుంచి చూస్తే మోకాల్లోతే అనిపిస్తుంది, రెండడుగులు వేస్తే గొయ్యి. మా లంకలో అలాంటిది జరిగితే పోలీసులు ముందు ఎవర్ని పిలుస్తారు? దగ్గర్లో ఉన్న మోటారు షెడ్డు ఎవరిదో వాణ్ణే. పడవెందుకు వేశావు, ఎందుకు ఆపలేదు, ఎందుకు రానిచ్చావు అని. దానికంటే ముళ్ళ కంప నయం.

ఇక "పంట లేనప్పుడు రండి" అనే రూలు ఇక్కడ నవ్వులాటండి. వరద తీసేది అక్టోబరు దగ్గర్లో. ఆ వెంటనే దుక్కి, విత్తనం. మీ కార్తీకం, మీ సంక్రాంతి, మీ చల్లటి ఆదివారాలన్నీ చేను నిండా పంట ఉన్న రోజులే. చేను ఖాళీ అయ్యేది మే, జూన్ నెలల్లో. అప్పుడు ఇసుక మీద కాలు పెట్టలేరు. జూలై నుంచి మళ్ళీ వరద. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వేస్తే మేమే మోటార్లు విప్పుకుని గట్టెక్కేస్తాం. కెనడాలో పంట కోశాక నేల నెలల తరబడి ఖాళీగా ఉంటుందేమో, మాకలా ఉండదు.

రాజమండ్రి_సైకిల్

పంట ఉన్నా పుంత మీద నడిస్తే మీకేం పోతుంది? చేలోకి దిగమని ఎవరన్నారు?

లంక_కౌలు

ఏమీ పోదు. నిజం చెప్పమంటారా? భయం మీ నడకంటే కాదు. నడక తర్వాత వచ్చేదంటే.

ముందు సైకిళ్ళొస్తాయి. తర్వాత రీల్సు. "అద్భుతమైన లంక, అభివృద్ధి చేస్తే గోవాకి దీటు" అని ఎవరో వీడియో పెడతారు. ఆ తర్వాత ఎవరో ఆఫీసరు బోటులో వచ్చి చూసి వెళ్తారు. పిచ్చుకలంక మీద టూరిజం, రిసార్టు అని ఎన్నేళ్ళ నుంచి మాటలు వింటున్నామో మీకు తెలీదా? మా నాయన కాలం నుంచి దున్నుతున్నాం, 1986 వరదలో ఇల్లూ గొడ్డూ పోయినా మళ్ళీ వచ్చి దున్నాం. అయినా మా చేతిలో ఉన్నది లీజు కాగితమే. పట్టా ఉన్నవాడయితే మీకు మజ్జిగ పోసి కూర్చోబెడతాడు. రేపు లీజు ఉంటుందో ఊడుతుందో తెలియనివాడు అటుగా వచ్చిన ప్రతివాణ్ణీ సర్వేయరే అనుకుంటాడు. పక్షుల అమ్మగారిని "సర్వేనా" అని ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమైందా అండి?

పక్షుల_పిచ్చి

అర్థమైందండి. నాకు అది తోచలేదు.

రేవు_బుల్లోడు

ఇంత చర్చలో ఒకటి ఎవరూ అనట్లేదు. కార్తీకం ఆదివారాలు పంటు కాంట్రాక్టరు జేబు నిండుతుంది. వేలం పాటలో పంచాయతీకీ వస్తుంది. కేటరింగు వాడికీ, డీజే వాడికీ, డ్రోన్ వాడికీ డబ్బులే. సీసాలు ఏరేది మాత్రం రైతు. టికెట్ అనకూడదంటే మానేస్తాను, రేవు పాటలో కొంత లంక శుభ్రానికి పెట్టమంటే అది కూడా రూలుకి అడ్డమా ఆర్ఐ గారూ?

రిటైర్డ్_ఆర్ఐ

అడ్డం లేదు. పంచాయతీ తీర్మానం చేసుకోవచ్చు. పంటు మీదకి కార్లు ఎక్కించొద్దని పాట షరతుల్లోనే పెట్టొచ్చు. సగం రోగం దానితోనే తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పి ఉంటే నీతో గొడవ పడేవాణ్ణి కాదుగా.

పుంత గురించి కూడా చెప్తాను. గ్రామ పటంలో పుంత ఉంటే అది పోరంబోకు. దాన్ని లీజుదారూ మూయకూడదు, పట్టాదారూ మూయకూడదు. సైకిల్ బాబు పటం నకలు తీసుకుంటే ఆ ముళ్ళ కంప తీయించడం పెద్ద పని కాదు.

లంక_కౌలు

పటం తీయండి, నాకూ కావాలి. పటంలో ఉన్న పుంత సగం 2022 వరదకే గోదాట్లో కలిసిపోయిందండి. ఆ జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. మా వైపు ఒడ్డు ఎంత కోసుకుపోయిందో వచ్చి చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు మీరు సైకిల్ తొక్కే దారి పుంత కాదు, నా చేను. ట్రాక్టరు తిరగడానికి నేను వదులుకున్న నేల. శిస్తు మాత్రం పాత విస్తీర్ణానికే కడుతున్నాను. అవతలి పక్క ఒండ్రు మేట వేసింది కదా, అది ఇవ్వండి అంటే, కొత్తగా వేసిన మేట ప్రభుత్వానిది, మళ్ళీ సర్వే అవ్వాలి అంటారు.

కాల్గరీ_కోనసీమ

ఈ చిక్కు ఇక్కడి రూల్లో లేదు. ఇక్కడ భూమి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఏటా కదిలే నేలకి దారి గీయాలంటే గీత కూడా ఏటా కదలాలి.

రిటైర్డ్_ఆర్ఐ

కదిలించొచ్చు. వరద తీశాక, విత్తనం పడకముందు, ఒక్కసారి గొలుసు పట్టి దారి ఎక్కడో గుర్తు రాళ్ళు వేయాలి. దారిలో పోయిన నేలకి శిస్తు తీసేయాలి. లంకలు మళ్ళీ కొలిపించాలని అర్జీ పెడితే అందులోనే ఈ రెండూ అడగొచ్చు. ఒక్క రైతు పెడితే ఫైలు కదలదు. ఊరివాళ్ళూ, ఈ సైకిళ్ళ వాళ్ళూ కలిసి పెడితే చూస్తారు.

రాజమండ్రి_సైకిల్

నేను రాస్తాను. కాలినడక, సైకిల్ మాత్రమే, బండ్లు రేవులోనే ఆగాలి. దారి కొత్తగా గుర్తించాలి, ఆ మేర శిస్తు తగ్గించాలి. గుడ్లు పెట్టే నెలల్లో తిన్నె మీదకి వెళ్ళకూడదు. ఇలా రాసి రేవు దగ్గర సంతకాలు తీసుకుందాం. కానీ ఒక్కటి, దారి గుర్తించాక కూడా కంప వేస్తే నేను ఊరుకోను. ముందే చెప్తున్నాను. కౌలు అన్నా, మొదటి సంతకం మీదే పెడదామా?

లంక_కౌలు

రాయండి, చదివి చెప్తాను. మొదటి సంతకం మాత్రం మీరే పెట్టుకోండి సార్. నాది నలుగురి మధ్యలో ఎక్కడైనా వేయండి. లీజు రెన్యువల్‌కి వచ్చేది వచ్చే ఏడాదే.