భూటాన్ పర్యాటక రుసుము ఆ దేశానికి మేలు చేసిందా, చేటు చేసిందా?

కృష్ణాతీరం

మా బంధువుల్లో భూటాన్ ప్రయాణం మాట వచ్చి, ఒక్క లెక్క దగ్గర ఆగిపోయింది. నలుగురు పెద్దవాళ్లు, ఐదు రాత్రులు, మనిషికి రాత్రికి 1,200 చొప్పున భూటాన్ ప్రభుత్వానికి కట్టాల్సిన పర్యాటక రుసుమే 24,000 రూపాయలు. హోటల్, బండి, తిండి ఖర్చులు దీనికి అదనం. "ఊరికే ఎందుకు కట్టాలి?" అన్నారు అందరూ. నాకు మాత్రం ఆ రుసుము సరైనదే అనిపిస్తోంది. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

తెలియనివారి కోసం కాస్త నేపథ్యం. భూటాన్ 1974లో విదేశీ పర్యాటకులను రానివ్వడం మొదలుపెట్టింది. తక్కువ మంది రావాలి, వచ్చినవాళ్లు బాగా ఖర్చుపెట్టాలి అన్నది అప్పటి నుంచీ వాళ్ల విధానం. చాలా ఏళ్లు విదేశీయులు సీజన్‌ను బట్టి రోజుకు 200 లేదా 250 డాలర్ల ప్యాకేజీ కొనాల్సి వచ్చేది. అందులో 65 డాలర్లు ప్రభుత్వానికి వెళ్లే సుస్థిర అభివృద్ధి రుసుము. భారత్, బంగ్లాదేశ్, మాల్దీవుల వాళ్లకు ఇవేవీ ఉండేవి కావు. కోవిడ్ తర్వాత 2022 సెప్టెంబర్ 23న సరిహద్దులు తెరిచినప్పుడు ప్యాకేజీ నిబంధన తీసేసి, రుసుమును ఏకంగా రోజుకు 200 డాలర్లు చేశారు. మనకు 1,200 రూపాయలు పెట్టారు. ఏడాది తిరగకుండానే 200 డాలర్లను 100కు దించారు. ఈ తగ్గింపు 2027 ఆగస్టు 31 వరకు ఉంటుందని చెప్పారు.

నా ఉద్దేశం ఇది. ప్రపంచంలో భూటాన్‌కు ఇంత పేరు ఉందంటే ఈ నిగ్రహం వల్లే. దేశంలో 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఇప్పుడు 70 శాతం దాకా ఉంది. 2003 నుంచి పర్వతారోహణ పూర్తిగా నిషేధం, అందుకే గాంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ శిఖరం మీద ఇంతవరకు మనిషి అడుగు పడలేదు. ఇలాంటి దేశం పర్యాటక పోటీలో ఎంత ముందుందో వచ్చిన తలకాయలను లెక్కపెట్టి చెప్పలేం. మీరేమంటారు?

ప్రసాద్ (రాజమండ్రి)

కృష్ణాతీరం గారూ, నేను ఏళ్లుగా గోదావరి జిల్లాల నుంచి బృందాలను డార్జిలింగ్, గ్యాంగ్‌టక్, భూటాన్ తీసుకెళ్తున్నాను. బాగ్డోగ్రాలో దిగడం, జయగావ్ మీదుగా భూటాన్ సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్ చేరడం, పర్మిట్లు, థింపు, పునాఖా, పారో. ఈ దారిలో బతికేవాళ్లను దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను. మీ మాటల్లో అడవి ఉంది, శిఖరం ఉంది, ఆ దారిలో హోటల్ నడిపేవాడు మాత్రం లేడు.

2019లో భూటాన్‌కు 3 లక్షల 15 వేల మంది వచ్చారు. ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు భారతీయులే. మూడు నక్షత్రాల హోటళ్లు, టాక్సీలు, చిన్న రెస్టారెంట్లు మన మధ్యతరగతి కుటుంబాల మీదే నిలబడ్డాయి. 2023లో వచ్చినవాళ్లు లక్షా మూడు వేలు. 2024లో లక్షా 45 వేలు. కోవిడ్ దెబ్బ కూడా ఉందనుకోండి. కానీ అదే సమయంలో నేపాల్, శ్రీలంక తేరుకున్న తీరు చూస్తే నెపమంతా కోవిడ్ మీద నెట్టేయలేం.

రుసుము ఉండటం కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించింది అది మారిన తీరు. 2022 సెప్టెంబర్‌లో 200 డాలర్లు అన్నారు. 2023 జూన్‌లో నాలుగు రోజులకు కడితే మరో నాలుగు రోజులు ఉచితం, ఏడుకు కడితే ఏడు అంటూ స్కీములు పెట్టారు. సెప్టెంబర్ వచ్చేసరికి ఆ స్కీములు పోయి రుసుము సగానికి దిగింది. విదేశీ ఏజెంట్లు ఏడాది ముందే ధరల పట్టిక అచ్చు వేసుకుంటారు. వాళ్లు ఏ ధర చెప్పి అమ్మాలి? అడ్వాన్సులు తీసుకున్నాక కొత్త రేటు వస్తే కస్టమర్‌కు ఏం సమాధానం చెప్పాలి? పోటీతత్వం అంటే నా వృత్తిలో మొదటి అర్థం ఇదే: వచ్చే సీజన్‌లో ఎంత అవుతుందో ముందే గట్టిగా చెప్పగలగడం.

లలిత, పెర్త్

నేను ఉంటున్న పెర్త్‌లో భూటాన్ యువత చాలా ఎక్కువ. చదువుకోవడానికని వస్తారు, వృద్ధాశ్రమాల్లో, క్లీనింగ్‌లో, హోటళ్లలో పనిచేస్తారు. మా పనిచోట ఒకమ్మాయి పారోలో గైడ్‌గా చేసింది. ఇంగ్లిష్ చక్కగా మాట్లాడుతుంది, ప్రతి గుడి చరిత్రా చెప్పగలదు. కోవిడ్‌లో దేశం మూసేశాక ఇక్కడికి వచ్చింది, మళ్లీ వెళ్లే ఆలోచన లేదు.

2022లో భూటాన్ యువతలో నిరుద్యోగం 28.6 శాతం. ప్రపంచమంతా ఆ దేశాన్ని మెచ్చుకుంటున్న రోజుల్లోనే అక్కడి పిల్లలు విమానం ఎక్కుతున్నారు. బయటివాళ్ల కళ్లలో ఎంత మంచి పేరున్నా, సొంత పిల్లలు అక్కడ ఉండిపోవాలని అనుకోకపోతే దాన్ని విజయం అనడానికి నాకు మనసొప్పదు. ఇంత శిక్షణ ఉన్న గైడ్లు వెళ్లిపోతే 100 డాలర్లు కట్టి వచ్చిన మనిషికి నాణ్యమైన సేవ ఇచ్చేది ఎవరు?

కృష్ణాతీరం

ప్రసాద్ గారు చెప్పిన రేట్ల మార్పు మాట ఒప్పుకుంటాను. కానీ దాన్ని బట్టి రుసుమే తప్పు అనడం సరికాదు.

భూటాన్‌కు వేరే దారి ఉందా అని ఆలోచించండి. జనాభా 8 లక్షల లోపు. పారోలో విమానం కొండల మధ్య లోయలో తిరుగుతూ దిగాలి, పైలట్ కళ్లతో చూసి దించాలి, చీకటి పడితే కుదరదు. అక్కడ దింపడానికి అనుమతి ఉన్న పైలట్లు కొద్దిమందే. నేపాల్‌కు 2019లో దాదాపు 12 లక్షల మంది వెళ్లారు. ఆ సంఖ్యతో పోటీ పడాలంటే భూటాన్ కొండలు తొలిచి రోడ్లు, హోటళ్లు కట్టాలి. అప్పుడు అది ఇంకో చిన్న నేపాల్ అవుతుంది, పైగా నేపాల్‌కు ఉన్న ఎవరెస్ట్ దానికి లేదు.

ఇంకో విషయం డాలర్ల అవసరం. భూటాన్ ఎక్కువగా మనకు జలవిద్యుత్తు అమ్ముతుంది, ఆ డబ్బు రూపాయల్లో వస్తుంది. వాళ్ల కరెన్సీ ఎన్‌గుల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. మందులు, యంత్రాలు, విమానం విడిభాగాలు కొనడానికి డాలర్లు కావాలి. 2022 ఆగస్టులో విదేశీ మారకం తరిగిపోతోందని వాహనాల దిగుమతి ఆపేశారంటే పరిస్థితి ఊహించుకోండి. అందుకే డాలర్ల వాళ్లకు ఒక రేటు, మనకు ఒక రేటు. ఆ రుసుము ఉచిత వైద్యం, ఉచిత చదువు, అడవుల సంరక్షణ లాంటి ఖర్చులకు ఉపయోగపడుతుంది. 403 కిలోమీటర్ల పాత కాలిబాటను బాగుచేసి 2022లో మళ్లీ తెరిచారు. ఒక పర్యాటకుడిగా నేను నడిచే దారికి, నాకు గాయమైతే చూసే ఆసుపత్రికి నా వంతు ఇవ్వడంలో నాకు అభ్యంతరం లేదు.

లలిత గారూ, యువత వలస నిజం. కానీ ఆ వలస పర్యాటక రుసుము వల్ల వచ్చిందా? ఆస్ట్రేలియా జీతంతో థింపు జీతం ఎప్పటికీ పోటీ పడలేదు. కేరళ నుంచి గల్ఫ్‌కు, మన జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి వెళ్లడం లాంటిదే ఇది.

లలిత, పెర్త్

జీతం ఒక్కటే కారణమైతే నేనేమీ అనను. ఆ అమ్మాయి చెప్పింది వేరు. సీజన్ అంటే మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్. మిగతా నెలల్లో గైడ్‌కు పని ఉండదు. తక్కువ మంది రావాలి అన్న విధానంలో పని నెలలు ఇంకా తగ్గుతాయి. పెద్ద రిసార్టుకు అది నష్టం కాదు, ఒక్క గది అద్దెతో నెల గడుస్తుంది. గైడ్‌కు, డ్రైవర్‌కు నెల గడవదు. రుసుము లాభం ఎవరికి చేరుతోంది, నష్టం ఎవరు మోస్తున్నారు అని అడుగుతున్నాను, అంతే.

సంధ్య, హనుమకొండ

ఈ దేశం పేరు గురించి ఇంత మాట్లాడుతూ ఒక విషయం వదిలేస్తున్నారు. 1990ల మొదట్లో దక్షిణ భూటాన్‌లో నేపాలీ మాట్లాడే ల్హోత్‌షంపాలు లక్ష మంది దాకా దేశం విడిచి పోవాల్సి వచ్చింది. తూర్పు నేపాల్ శిబిరాల్లో ఏళ్ల తరబడి బతికారు. 2007 తర్వాత చాలామందికి అమెరికాలోనూ, ఇతర దేశాల్లోనూ చోటు దొరికింది. ప్రగతిని స్థూల జాతీయ ఆనందంతో కొలుస్తుందని ప్రపంచం మెచ్చుకున్న దేశం కథలో ఈ పేజీ ఉండదు. పచ్చని అడవి, ఎర్రని వస్త్రాల సన్యాసి బొమ్మ చూపితే ఎవరూ ప్రశ్నలు అడగరు. సుస్థిర పర్యాటకం తెచ్చే పేరుకు ఇంత బలం ఉందంటే నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ కలుగుతుంది.

నిర్వాహకులు

సంధ్య గారి ప్రశ్న దేశం పేరుకు సంబంధించినదే కాబట్టి ఉంచుతున్నాం. శరణార్థుల సమస్యపై పూర్తి చర్చకు వేరే శీర్షిక పెట్టుకోండి.

వైజాగ్ కెరటం

పేరు తెచ్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. మా రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ ఏడాది ఎనిమిది బీచ్‌లకు వస్తే అందులో మాది ఒకటి. నీటి నాణ్యత, చెత్త తీసే పద్ధతి, మరుగుదొడ్లు, ప్రాణరక్షకులు ఇలా 33 అంశాలు చూసి ఇస్తారు. 2025 మార్చిలో నిర్వహణ బాగాలేదని ఆ జెండా దించేశారు. వీధికుక్కలు, చెత్త ఫొటోలు ఊరంతా తిరిగాయి. తర్వాత శుభ్రం చేసి మళ్లీ తెచ్చుకున్నారు. గుర్తింపు వచ్చిన రోజు కన్నా పోయిన రోజే పేపర్లలో పెద్ద వార్త అయింది.

కాబట్టి ప్రసాద్ గారి వైపే నేను. రుసుము తీసుకున్న దేశం దానికి తగ్గట్టు ఏటా చేసి చూపించాలి. 100 డాలర్లు కట్టినవాడు పునాఖా దారిలో మరుగుదొడ్డి బాగాలేకపోతే 10 డాలర్లు కట్టినవాడి కన్నా పదింతలు తిడతాడు.

పాడేరు మాస్టారు

నాది ఏజెన్సీ. వంజంగి కొండ మీద మబ్బులు చూడటానికి శీతాకాలం ఆదివారాల్లో వచ్చే కార్లతో మా దారులు నిండిపోతాయి. తెల్లారేసరికి కొండ మీద నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు. ఊళ్లో ఆడపిల్లలు టీ, బొంగులో చికెన్ అమ్ముకుంటారు, నాలుగు డబ్బులు వస్తాయి. పెద్ద డబ్బు మాత్రం మైదానం వాళ్ల రిసార్టులకు, ట్రావెల్స్ వాళ్లకే.

అందుకని భూటాన్‌ను నేను అడిగే ప్రశ్న వేరు. ఎంత తీసుకుంటున్నారు అన్నది నాకు రెండో విషయం. అక్కడ భూమి ఎవరి చేతిలో ఉంది? మా దగ్గర 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకు భూమి బదిలీ కాదు. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాకు కవచం. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సవరించాలన్న మాట వినబడగానే ఏజెన్సీలో బంద్ జరిగింది. సవరణ ఉండదని ముఖ్యమంత్రి ప్రకటించారు. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, పారిస్‌లో కూడా దుకాణం ఉంది. ఆ కాఫీ తోట గిరిజన రైతుది కాబట్టి పేరుతో పాటు కొంత డబ్బు కూడా ఇంటికి వస్తోంది. పర్యాటకంలో అలా జరగడం లేదు. అరకులో రుసుము పెట్టండి, నేను మద్దతిస్తాను, అది నేరుగా గ్రామసభ ఖాతాలో పడితేనే.

కృష్ణాతీరం

మాస్టారూ, మీ మాటతో నా వాదనలో ఒక లోటు బయటపడింది. భూటాన్ రుసుము కేంద్ర ఖజానాకే వెళ్తుంది. ఏ లోయలో ఎంతమంది ఉన్నారో ఆ లోయకు ఎంత తిరిగి వస్తుందో చూపించే లెక్క ఉండాలి. సంధ్య గారు అడిగినదానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ చరిత్ర ఉన్నంత మాత్రాన ఈ విధానం చెడ్డదైపోదనే అనుకుంటున్నాను, కానీ మెచ్చుకునేటప్పుడు దాన్ని దాచకూడదు.

2019 అక్టోబర్‌లో దోచులా కనుమ దగ్గర మన దేశం నుంచి వెళ్లిన ఒక బైక్ యాత్రికుడు చోర్టెన్ (బౌద్ధ స్తూపం) మీదకు ఎక్కి ఫొటో దిగాడు, అక్కడివాళ్లు చాలా బాధపడ్డారు. ఆ తర్వాత కొద్ది నెలలకే 2020లో మనలాంటి దేశాల వాళ్లకు కూడా రుసుము వేసే చట్టం వచ్చింది. చట్టానికి ఆ సంఘటన ఒక్కటే కారణమని అనను. కానీ మన జనం అక్కడ ఎలా నడుచుకున్నారో కూడా ఈ 1,200 రూపాయల వెనుక ఉందని మా బంధువులకు చెప్పాను.

ప్రసాద్ (రాజమండ్రి)

నడవడిక మాట నిజం. నేను బస్సు ఎక్కించే ముందు ఆ ఫొటో గురించి చెప్పి, గుళ్ల దగ్గర ఎలా ఉండాలో వివరిస్తాను.

నా వైపు నుంచి చివరిగా రెండు మాటలు. రుసుము ఉండనివ్వండి. ఆఫ్ సీజన్‌లో, అంటే జూన్ నుంచి ఆగస్టు వరకు, మళ్లీ చలికాలంలో సగం చేయండి, లలిత గారు చెప్పిన గైడ్లకు పని దొరుకుతుంది. తూర్పు భూటాన్ వెళ్లేవాళ్లకు ఇంకా తగ్గించండి, అందరూ పారో, థింపులలోనే కిక్కిరిసిపోరు. రెండోది తేదీ సంగతి. ప్రస్తుత 100 డాలర్ల రేటు 2027 ఆగస్టు 31తో అయిపోతుంది. సరిగ్గా ఆ మర్నాటి నుంచే మాకు పెద్ద సీజన్. ఆ సెప్టెంబర్ నుంచి ఎంత అనేది కనీసం ఏడాది ముందు చెబితే మేం ధర వేసుకోగలం. ఆఖరి నెలలో చెబితే దసరా సెలవుల బుకింగులన్నీ నేపాల్‌కే పోతాయి.

లలిత, పెర్త్

ఆఫ్ సీజన్ తగ్గింపుకు నా ఓటు. ఆ అమ్మాయిని కూడా అడిగాను. చలికాలంలో నెలకు రెండు బృందాలు దొరికినా తన తమ్ముడు అక్కడే గైడ్‌గా ఉండిపోతాడట. వాడి వీసా దరఖాస్తు ఇప్పటికే నడుస్తోంది.