మొదట్లో సరిగ్గానే ఉంది, పోను పోను పెదాలకీ మాటకీ పొంతన లేదు – కాస్త సాయం చేయండి

చిట్టిబొమ్మలు:
అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం నుంచి దీని ముందే కూర్చున్నా, ఇక బుర్ర పనిచేయట్లేదు. చిన్న కామెడీ షార్ట్ చేశాను. ఏనుగు తొండం కొసన చీమ కూర్చుని "తుమ్మకురా... ఒరేయ్ తుమ్మకు..." అని బతిమాలుతూ ఉంటుంది, చివరికి ఏనుగు తుమ్మేస్తుంది. అంతే కథ. మొదట్లో పెదాలు మాటకి చక్కగా కలుస్తున్నాయి. పోను పోను తేడా పెరిగిపోతోంది. తుమ్ము దగ్గరికి వచ్చేసరికి చీమ ఎగిరి అవతల పడ్డాక తీరిగ్గా "హాఛ్" అని వినిపిస్తోంది. ఎక్కడ నవ్వాలో అక్కడే సీను చచ్చిపోయింది. మొత్తం మళ్లీ రెండర్ చేయాలంటే (అంటే ప్రతి బొమ్మనీ కంప్యూటర్ చేత తయారు చేయించాలంటే) నా కంప్యూటర్‌కి ఇంకో రాత్రంతా పడుతుంది. ఏ సెట్టింగ్ మార్చాలో చెప్పండి ప్లీజ్.

రెండర్_రాజు:
ఏ సాఫ్ట్‌వేర్? ఎఫ్‌పీఎస్ ఎంత, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములు?

చిట్టిబొమ్మలు:
బ్లెండర్ అన్నా. దాంట్లో ప్లే చేస్తే అంతా బాగుంది, ఫైనల్ వీడియోలోనే తేడా. బ్లెండర్ ఎలా ఇస్తే అలాగే ఉంచా, ఎఫ్‌పీఎస్ జోలికి పోలేదు.

గొంతుపెట్టె:
బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వింటున్నారా అండీ? వాటిలో శబ్దం 100 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా వస్తుంది. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టి ఒకసారి చూడండి.

చిట్టిబొమ్మలు:
స్పీకర్లోనే వింటున్నా అక్కా. ఫోన్లో వేసి చూసినా అంతే.

పాతరీలు:
బ్లూటూత్ అయితే మొదటి మాట నుంచీ ఒకే తేడా ఉంటుంది, పెరగదు. ఈయన పెరుగుతోందంటున్నారు. ముందు అది విడదీసి చూడాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఆలస్యం ఉంటే దారి వేరు, సమయం గడిచేకొద్దీ పెరిగితే దారి వేరు. మొదటి రకానికి ఆడియోని కాస్త ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. రెండో రకంలో ఎంత జరిపినా ఒకచోట కలుస్తుంది, ఇంకోచోట విడిపోతుంది.

చిట్టిబొమ్మలు:
అదే జరుగుతోంది సార్! తుమ్ము దగ్గర కలిపితే మొదట్లో చీమ నోరు కదలకుండానే మాట్లాడేస్తోంది. రాత్రంతా ఆడియోని అటూ ఇటూ జరుపుతూనే ఉన్నా.

గొంతుపెట్టె:
అయితే శాంపిల్ రేటేమో, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారనే అంకె. గొంతు 44,100లో రికార్డు చేసి, ఎక్కడో ఒకచోట దాన్ని 48,000 అనుకుని ప్లే చేస్తే మాట తొమ్మిది శాతం దాకా వేగంగా పరిగెడుతుంది. ఇది కనిపెట్టడం తేలిక, గొంతు కూడా సన్నబడిపోతుంది. మీ గొంతు మీ గొంతులాగే వినిపిస్తోందా?

చిట్టిబొమ్మలు:
గొంతు మామూలుగానే ఉంది. ఫోన్లో రికార్డు చేశా. తర్వాత ఎడిటింగ్‌లో బొమ్మలూ గొంతూ కలిపి, వెనకాల ఒక సినిమా కామెడీ మ్యూజిక్ బిట్ పెట్టా. అంతకుమించి ఏమీ చేయలేదు.

హక్కుల_పహరా:
ఇక్కడ ఆగండి. సినిమా మ్యూజిక్ అన్నారు. యూట్యూబ్‌లో పెడతారా? పెడితే ముందు ఇది చదవండి. "పది సెకన్లలోపు అయితే వాడుకోవచ్చు" అని అందరూ చెబుతుంటారు, అలాంటి రూలు ఎక్కడా లేదు. కింద "క్రెడిట్స్ వారికే" అని రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ అప్‌లోడ్ అవుతుండగానే పాట పోలిక పట్టేస్తుంది. మీరు మాటల కింద సన్నగా పెట్టినా పట్టేస్తుంది. రాత్రుళ్లు కూర్చుని బొమ్మ గీసింది మీరు, గొంతు ఇచ్చింది మీరు, చివరికి దానిమీద పెత్తనం ఆ ట్యూను హక్కుదారుది అవుతుంది. ఎంతమంది పిల్లలు ఇలా ఛానెల్ పోగొట్టుకున్నారో చూశాక చెబుతున్నా. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునే ట్యూన్లు ఉన్నాయి. ఫ్రీసౌండ్ అనే సైట్‌లో లైసెన్స్ సీసీ0 అని ఉన్న శబ్దాలు పేరు చెప్పకుండానే వాడుకోవచ్చు, సీసీ బై అని ఉంటే పేరు చెప్పి తీరాలి.

రెండర్_రాజు:
ఎడిటింగ్‌కి ఏం ఇచ్చావ్? వీడియోనా, బొమ్మలా?

చేతిగీత:
@హక్కుల_పహరా ఛానెల్ పోయేది స్ట్రైక్ వల్ల, క్లెయిమ్ వల్ల కాదు. కంటెంట్ ఐడీ క్లెయిమ్ వస్తే మామూలుగా ఆ వీడియో మీద వచ్చే డబ్బు వాళ్లకి పోతుంది, లేదా వీడియో ఆగిపోతుంది. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం తీసేయమని అడిగినప్పుడు వచ్చేది. అలాంటివి 90 రోజుల్లో మూడు పడితేనే ఛానెల్‌కి ముప్పు. రెండూ కలిపేసి చెబితే కొత్తవాళ్లు భయపడి అసలు చేయడమే మానేస్తారు.

హక్కుల_పహరా:
భయపెట్టడానికి కాదండీ. ఈయనది ఎంత నిడివో చూడండి. 2024 అక్టోబర్ 15 నుంచి మూడు నిమిషాల దాకా నిలువు వీడియోలు షార్ట్స్ కిందకే వస్తున్నాయి. అందులో నిమిషం దాటిన దానికి కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడితే ఆ షార్ట్ ఎక్కడా కనిపించదు. దాన్ని మీరు క్లెయిమ్ అనండి, ఇంకేమన్నా అనండి, చూసేవాళ్లు లేకుండా పోవడం మాత్రం ఖాయం.

చేతిగీత:
ఆ మాట ఒప్పుకుంటా. కానీ ముందు "ఛానెల్ పోతుంది" అన్నారు.

చిట్టిబొమ్మలు:
మ్యూజిక్ తీసేస్తాను, దాని గురించి తర్వాత మాట్లాడదాం సార్. @రెండర్_రాజు అన్నా, బొమ్మలే. పీఎన్‌జీ ఫ్రేములుగా రెండర్ చేసి ఫోల్డర్ మొత్తం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లోకి లాగేశా. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా అయినవి మిగులుతాయని అలా చేశా.

పాతరీలు:
అది మంచి పద్ధతి, మానకండి. నేరుగా ఎంపీ4గా రెండర్ చేస్తూ మధ్యలో ఆగిపోతే ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఇలా అయితే ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇంకో మాట చెప్పండి, వీడియో చివర్లో ఏం జరుగుతోంది? బొమ్మా శబ్దం ఒకేసారి అయిపోతున్నాయా?

చిట్టిబొమ్మలు:
లేదు. బొమ్మ అయిపోయాక దాదాపు ఐదు సెకన్లు నల్ల తెర ఉంటుంది, మాటలు మాత్రం వస్తూనే ఉంటాయి. ఎలాగూ చివర కత్తిరిస్తాను కదా అని పట్టించుకోలేదు. మొత్తం రెండు నిమిషాల వీడియో.

రెండర్_రాజు:
దొరికింది. బ్లెండర్ 24 ఎఫ్‌పీఎస్. నీ ఎడిటింగ్ ప్రాజెక్ట్ 25.

పాతరీలు:
అదే. లెక్క చూడండి. రెండు నిమిషాలంటే 120 సెకన్లు, 24 చొప్పున 2,880 బొమ్మలు. వాటిని సెకనుకి 25 చొప్పున తిప్పితే 115.2 సెకన్లలో అయిపోతాయి. మిగిలిన 4.8 సెకన్లే మీ నల్ల తెర. బొమ్మల ఫోల్డర్‌కి వేగం అంటూ సొంతంగా ఏమీ ఉండదు, అవి ఉత్త ఫొటోలు. వీడియో ఫైలైతే "నేను 24" అని లోపల రాసుకుని వస్తుంది. ఫొటోలకి ఆ రాత లేదు కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన ప్రాజెక్ట్‌లో ఉన్న అంకె వేసేసుకుంది. శబ్దం మాత్రం సెకన్ల లెక్కన నడుస్తుంది, అందుకే అది కదల్లేదు. తుమ్ము ఎన్నో సెకనులో వస్తుంది?

చిట్టిబొమ్మలు:
1:15 దగ్గర శబ్దం. తొండం కదిలేది 1:12 దగ్గర.

పాతరీలు:
75 సెకన్లకి 1,800వ ఫ్రేము. 1,800ని 25తో భాగిస్తే 72. ఇక అనుమానం లేదు.

రెండర్_రాజు:
రెండర్ మళ్లీ చేయకు. ఫ్రేముల క్లిప్ ప్రాపర్టీస్‌లో ఫ్రేమ్ రేట్ 24 పెట్టు. ప్రాజెక్ట్ కూడా 24లో కొత్తది తెరువు. ఎక్స్‌పోర్ట్ 24.

గొంతుపెట్టె:
ప్రాజెక్ట్ కొత్తది తెరవమన్నది గుర్తుంచుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లలో టైమ్‌లైన్ మీద ఒక క్లిప్ పెట్టాక ఫ్రేమ్ రేట్ మార్చనివ్వవు, మార్చనిచ్చినా కట్‌లన్నీ చెదిరిపోతాయి. అలాగే ఫోన్ రికార్డింగ్‌ని ముందు 48,000 వేవ్ ఫైల్‌గా మార్చి పెట్టుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఇంకొకటి చెప్పాలనిపిస్తోంది. "తుమ్మకు"లో "మ్మ" దగ్గర చీమ నోరు ఎంతసేపు మూసి ఉంచారు? కొత్తగా చేసేవాళ్లు ఒక ఫ్రేము మూసి వెంటనే తెరిచేస్తారు. "తుమకు" అన్నట్టు కనిపిస్తుంది. మన భాషలో ఒత్తు ఎక్కువ, ఒత్తున్నచోట పెదాలు ఆగాలి. "అమ్మ", "అబ్బ", "చెప్పు", ఇవన్నీ మూడు నాలుగు ఫ్రేములు మూసి ఉంటేనే నోరు తెలుగు మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ప, బ, మ సరిగ్గా మూసి, ఉ, ఓ దగ్గర గుండ్రంగా తిప్పితే మిగతా అక్షరాల్లో చిన్న తప్పున్నా కన్ను సర్దుకుపోతుంది.

చిట్టిబొమ్మలు:
నోళ్లు రబర్బ్‌తో, అదే మాట విని నోటి ఆకారాలు ఇచ్చే ప్రోగ్రామ్‌తో, ఆటోమేటిక్‌గా పెట్టా అక్కా. ఒక్కో చోట పిచ్చిగా వస్తున్నాయి.

గొంతుపెట్టె:
రబర్బ్ మామూలుగా ఇంగ్లీషు మాటల్ని గుర్తుపట్టడానికి చూస్తుంది. రికగ్నైజర్ దగ్గర "ఫోనెటిక్" ఎంచుకోండి, వేరే భాషలకి అదే వాడమని వాళ్లే చెబుతారు. అదిచ్చింది చిత్తుప్రతి అనుకుని ఒత్తుల దగ్గర చేత్తో సరిదిద్దండి.

పాతరీలు:
నోరు మాటకంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే కదలడం మంచిది. 24లో ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా చూసేవాళ్లకి తెలిసిపోతుంది, అదే వెనకపడితే 125 దాకా తెలీదు. అంటే శబ్దం ఒక్క ఫ్రేము దాటి ముందుకొస్తే దొరికిపోతారు, మూడు ఫ్రేములు వెనకున్నా గడిచిపోతుంది.

తుమ్ము దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఏనుగు ఊపిరి ఎగబీల్చి, కళ్లు మూసి, అక్కడ పూర్తిగా ఆగాలి. ఒక అర సెకను ఏమీ కదలకూడదు, శబ్దం కూడా ఉండకూడదు. చీమ ఒక్కతే మెల్లగా కళ్లు పైకెత్తి చూడాలి. ఆ ఆగినచోటే చూసేవాడు నవ్వుకి సిద్ధమవుతాడు. చాలామంది ఆ ఖాళీ చూసి కంగారుపడి మ్యూజిక్‌తో నింపేస్తారు.

చిట్టిబొమ్మలు:
ఇప్పుడున్నది ఆగకుండా తుమ్మేయడమే. ఆ ముక్క మార్చి అంతవరకే రెండర్ చేస్తా. ఒక డౌట్, నేను 12 ఎఫ్‌పీఎస్‌లో యానిమేట్ చేశా, దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?

రెండర్_రాజు:
ఫైల్ 24 అన్నావ్.

చిట్టిబొమ్మలు:
ఫైల్ 24నే. బొమ్మ రెండు ఫ్రేములకోసారి కదిలేలా పెట్టా, చేత్తో గీసినట్టు ఉంటుందని.

చేతిగీత:
దాన్ని 12 ఎఫ్‌పీఎస్ అనకండి. 24లో "ఆన్ టూస్" అంటారు. నిజంగా 12లో చేస్తే కెమెరా కూడా 12లోనే తిరుగుతుంది, పెదాలకి కూడా 12 కంటే ఎక్కువ దొరకవు. ఆన్ టూస్ అయితే ఒళ్లు రెండేసి ఫ్రేములకి పెట్టి, గబగబా మాట్లాడేచోట నోరు మాత్రం ప్రతి ఫ్రేముకీ మార్చుకోవచ్చు. చేత్తో గీసినన్నాళ్లూ మేం అలాగే చేశాం.

రెండర్_రాజు:
సెకనుకి 12 బొమ్మలే కదా. పేరు ఏదైతే ఏంటి.

చేతిగీత:
ఈ ప్రశ్న మొత్తం ఫ్రేమ్ రేట్ తేడా వల్లే వచ్చింది, పేరు ఏదైనా ఒకటే అంటే ఎలా? ఈయన రేపు ఎడిటింగ్‌లో 12 అని కొడితే వీడియో నాలుగు నిమిషాలు అవుతుంది.

పాతరీలు:
చేతిగీత చెప్పింది నిజం. కెమెరా పక్కకి జరుగుతున్నప్పుడు బొమ్మ రెండు ఫ్రేములకోసారి కదిలితే వెనకున్న దృశ్యం మీద బొమ్మ వణుకుతున్నట్టు కనిపిస్తుంది. చీమ ఎగిరేచోట కెమెరా వెంటబడుతుందనుకుంటా, అక్కడ మాత్రం ప్రతి ఫ్రేముకీ కదిలించండి. బ్లెండర్ గ్రాఫ్ ఎడిటర్లో స్టెప్డ్ ఇంటర్‌పొలేషన్ మాడిఫయర్ (బొమ్మని కొన్ని ఫ్రేములకోసారే కదిలించేది) పెట్టి ఉంటే, దాన్ని ఫలానా ఫ్రేముల మధ్యే పనిచేసేలా పరిమితం చేయొచ్చు.

చిట్టిబొమ్మలు:
24 పెట్టా, కలిసింది. థాంక్స్ అందరికీ. వాట్సాప్‌లో ఫ్రెండ్స్‌కి పంపితే మాత్రం మసకగా వస్తోంది.

రెండర్_రాజు:
డాక్యుమెంట్‌గా పంపు.

హక్కుల_పహరా:
మ్యూజిక్ తీసేశాకే పంపండి. గ్రూపుల్లో తిరిగి తిరిగి ఎవరో ఒకరు మీకంటే ముందే అప్‌లోడ్ చేసేస్తారు. చివర్లో మీ పేరు రెండు సెకన్లైనా తెరమీద ఉండనివ్వండి, మూలన కాకుండా బొమ్మ మీదకి వచ్చేలా పెట్టండి, కత్తిరించడానికి వీలుండదు.

ఊసులపెట్టె:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఎడిటింగ్ కూడా బ్లెండర్లోనే చేస్తున్నా. వీడియో వస్తోంది, అసలు శబ్దమే లేదు.

రెండర్_రాజు:
అవుట్‌పుట్‌లో ఆడియో కోడెక్ చూడు, శబ్దాన్ని ఫైల్లో ఏ పద్ధతిలో దాచాలో చెప్పేది అదే. నో ఆడియో అని ఉంటుంది. ఏఏసీ పెట్టు.

ఊసులపెట్టె:
వచ్చింది! ఇంకొకటి, రెండు పాత్రలు ఒకేసారి గొడవపడుతుంటే రబర్బ్ రెండు నోళ్లూ కలిపేస్తోంది. ఏం చేయాలి?

గొంతుపెట్టె:
ఎవరి గొంతు వాళ్లది వేరే ఫైల్‌గా రికార్డు చేయండి అండీ. కలిపేసిన ఆడియో ఇస్తే అది విడదీయలేదు. రెండూ ఒకే నిడివి ఉండేలా, మౌనంగా ఉన్నచోటు కత్తిరించకుండా ఉంచండి.

ఊసులపెట్టె:
ఒకేసారి రికార్డు చేసేశాం. ఇప్పుడేం చేయలేమా?