పోత నాణెం మీద పోత గుర్తులుంటే నకిలీ అనుకోవాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు కొసలకు నాలుగు వలయాలు) ఉన్న శాతవాహన పోటిన్ నాణేలు అమ్మకానికి వస్తున్నాయి. అంచున అతుకు గీత, చిన్న తోక కనిపిస్తున్నాయి. అతుకు గీత ఉంటే నకిలీ అంటారు కదా, మరి అసలువే పోత పోసినవైతే దేన్ని చూసి తేల్చాలి? అమ్మేవాళ్లు "తుళ్లూరు పొలంలో దొరికింది" అంటున్నారు. సీసం నాణేల సంగతి కూడా చెప్పండి.

జవాబు 1:
ఆ సూత్రం అచ్చు గుద్దిన నాణేలకే అండీ. పోటిన్ అంటే రాగిలో తగరం, సీసం కలిపిన లోహం. గుద్దితే పగిలే స్వభావం దానిది, అందుకే మట్టి అచ్చుల్లో పోశారు. కాలువలతో కలిసిన గుంటల్లోకి లోహం పారుతుంది, చల్లారాక నాణేలను విడగొడతారు. ఆ తోక కాలువ మిగులే, ఉండటం సహజం. రెండు అచ్చు పలకలు కాస్త జరిగితే ముందువైపు, వెనకవైపు బొమ్మలు ఒకదానికొకటి తప్పి పడతాయి. అదీ సహజమే.

భూతద్దంతో చూడాల్సింది తోక తెగిన చోటు. అక్కడ కూడా మిగతా నాణెం మీదున్న చిలుమే పట్టి ఉండాలి. లోహం మెరుస్తున్నా, ఆకురాయి గీతలున్నా వదిలేయండి. చిలుము గుంటల్లో గట్టిగా కరుచుకుని ఉండాలి, పుల్లతో గీస్తే రంగులా రాలకూడదు. రెండు నాణేల మీద ఒకే చోట ఒకే బుడగ, ఒకే గాటు ఉంటే రెండూ ఒకే అసలు నాణెం నుంచి తీసిన నకళ్లు. లోహం చల్లారితే కుంచించుకుంటుంది కాబట్టి నకలు వ్యాసం దాదాపు 1–2 శాతం తగ్గుతుంది, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

ఇక ఆ పొలం మాట. ఈ ఏనుగు పోటిన్ రకం ప్రధానంగా మహారాష్ట్రలోని విదర్భది. 1939లో అప్పటి అకోలా జిల్లా తర్హాలాలో సుమారు 1,600 పోటిన్ నాణేలు ఒకేచోట దొరికాయి. మన కృష్ణా తీరంలో ఎక్కువగా దొరికేవి సీసం నాణేలు. అందుకే తుళ్లూరు కథ నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు 2:
సీసం దగ్గర లెక్క తిరగబడుతుంది. శాతవాహనుల సీసం నాణేల్లో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నవి అచ్చు గుద్దినవి. వాటి మీద పోత బుడగలు, అంచు చుట్టూ అతుకు కనిపిస్తే అనుమానించాల్సిందే.

సాంద్రత ఇంట్లోనే చూడొచ్చు. 0.01 గ్రాముల త్రాసు మీద గ్లాసు నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా పూర్తిగా ముంచండి. పొడి బరువును అప్పుడు కనిపించే అంకెతో భాగించాలి. 4.00 గ్రాముల నాణేనికి 0.35 వస్తే 11.4, అంటే సీసం. 0.47 వస్తే 8.5, అది టంకం లోహం కావచ్చు. నాణేనికి గాలిబుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువ చూపుతుంది, నీళ్లలో ఒక చుక్క సబ్బు వేయండి. 2 గ్రాముల లోపు నాణేలకు ఈ పద్ధతి నమ్మదగింది కాదు.

జవాబు 3:
ఎక్కువ నాణేలు పాడయ్యేది దాచడంలోనే. సీసాన్ని చెక్క పెట్టెలో, ప్లైవుడ్ అరలో, అట్టపెట్టెలో పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి తెల్లపొడి పుట్టి నాణెం తినేసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టినా సీసం కరుగుతుంది. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

రాగి, పోటిన్ మీద లేతపచ్చ పొడి మళ్లీమళ్లీ వస్తుంటే అది లోపలి క్లోరైడు పని. ఆ నాణేన్ని వెంటనే వేరు చేయండి. మన కృష్ణా గాలి తేమకు అది ఆగదు, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి తేమ 40 శాతం లోపు ఉంచాలి. పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ లేదా మైలార్ వాడండి.

పొలంలో దొరికిందనే మాట నిజమే అయితే ఇంకా చిక్కు. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, 10 రూపాయలు మించిన విలువున్న దాన్ని గురించి దొరికినవాళ్లు కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తు చట్టం కింద వ్యాపారికి లైసెన్సు ఉండాలి. ముందు అది చూపించమనండి, బిల్లు రాయించుకోండి.