కార్ప్ చెరువు ఒడ్డున ఎలా కలవాలి? ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చాను

అందరికీ నమస్తే. మాది బుచ్చిరెడ్డిపాళెం. ఇంగ్లండ్ వచ్చి ఏడు వారాలైంది, మిడ్‌లాండ్స్‌లో చిన్న ఊళ్ళో ఉంటున్నాను. వారమంతా ఆఫీసుతో గడిచిపోతోంది గానీ శని, ఆదివారాలు గదిలో ఒక్కడినే. ఇంటికి పది నిమిషాల నడకలో ఒక చెరువుంది. కొందరు ఒడ్డున ఆకుపచ్చ గుడారాలు వేసుకుని, గాలాలు పెట్టుకుని, రాత్రుళ్ళు కూడా అక్కడే ఉంటారు. చిన్నప్పుడు కనిగిరి రిజర్వాయరు కాలవ మీద మా మామయ్యతో గాలం వేసినవాణ్ణి, చూస్తే కాళ్ళు అటే లాగుతున్నాయి. రెండుసార్లు గేటు దాకా వెళ్ళి, ఏమని పలకరించాలో తెలియక వెనక్కి వచ్చేశాను. వాళ్ళతో ఎలా కలవాలి? పట్టిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా?

---

తమ్ముడూ, నాది కోవూరు. ఈ దేశం వచ్చి పద్నాలుగేళ్ళు, ఒడ్డు మీద కూర్చోవడం మొదలుపెట్టి పదకొండేళ్ళు. నీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి చలికాలం కళ్ళముందు తిరిగింది.

ముందు చేప సంగతి. తెచ్చుకోకూడదు. మన దగ్గర చెరువు చేపలు సొసైటీ వాళ్ళ పాటలో ఉన్నట్టే ఇక్కడ చెరువు యజమానివో, క్లబ్బువో. అనుమతి లేకుండా తీసుకెళ్తే దొంగతనం కింద లెక్క. కార్ప్ అంటే వేరే ఏదో కాదు, మన బంగారు తీగే. బొచ్చె, శీలావతి, మోసు కూడా ఆ కుటుంబానివే. మనకి మామిడికాయ వేసిన పులుసు గుర్తొస్తుంది, తప్పు లేదు. కానీ ఇక్కడ కార్ప్ పట్టేవాళ్ళు తూకం వేసి, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఒక్కో చేప ఇరవై ముప్పై ఏళ్ళు కూడా బతుకుతుంది. కొన్నిటికి పేర్లుంటాయి, పొలుసుల వరస చూసి గుర్తుపడతారు. అలాంటి చేప గురించి ‘కూరకి ఎలా ఉంటుంది’ అని అడిగితే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారు. పులుసు తినాలనిపిస్తే చేపల కొట్టుంది, మా ఇంటికి వచ్చినా సంతోషమే.

లైసెన్సు లేకుండా గాలం ముట్టుకోవద్దు. పదమూడేళ్ళు దాటిన ఎవరికైనా కావాలి, ప్రభుత్వ వెబ్‌సైట్లో ఐదు నిమిషాల పని. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా పడొచ్చు. మామూలు లైసెన్సు మీద రెండు గాలాలే, మూడు వేయాలంటే వేరే లైసెన్సు. దీనితోపాటు ఆ చెరువుకి డే టికెటో, క్లబ్బు సభ్యత్వమో విడిగా ఉండాలి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మూసేస్తారు, చెరువులు చాలావరకు ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి. గేటు దగ్గర బోర్డు మీద ఆ చెరువు నియమాలుంటాయి, ఒక్కొక్కటీ చదువు. ఇంకో మాట: ఇప్పటి గాలం కర్రలు కార్బన్‌వి, కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద వేయకు, ఉరుము వినపడితే కింద పెట్టేసి దూరంగా వెళ్ళు.

ఇక అసలు నువ్వడిగింది. మొదటి రెండు మూడు సార్లు గాలం తీసుకెళ్ళకు. ఒట్టి చేతులతో వెళ్ళు. ఒక్కొక్కరు కూర్చునే చోటుని ఇక్కడ ‘స్విమ్’ అంటారు. అది వాళ్ళ ఇంటి వసారా అనుకో. వెనకాల నాలుగడుగుల దూరంలో ఆగి, మెల్లగా ‘ఏమైనా పడిందా?’ అని అడుగు. నీళ్ళ అంచుకి వెళ్ళకు, అడుగుల చప్పుడుకే ఒడ్డు దగ్గర మేస్తున్న చేప వెళ్ళిపోతుంది. ఎర దేనితో చేశావని మొదటిరోజే అడక్కు. మనం తవుడూ వేరుశనగ చెక్కా కలిపి ముద్ద చేసుకున్నట్టే వీళ్ళూ పిండి, గుడ్లు కలిపి ఉండలు చేసి ఉడకబెడతారు, బాయిలీలు అంటారు. ఎవరి పాళ్ళు వాళ్ళవి. నీ మీద నమ్మకం కుదిరాక వాళ్ళే డబ్బా మూత తీసి వాసన చూపిస్తారు.

నా మొదటి చేపని నేను గులకరాళ్ళ మీద పడుకోబెట్టాను. మెత్తటి చాప వేయాలని తెలియదు. పక్క స్విమ్‌లో పెద్దాయన తన చాప చంకన పెట్టుకుని పరుగున వచ్చాడు. బకెట్టుతో చెరువు నీళ్ళు తెచ్చి చాప తడిపాడు, చేప మీద పోశాడు, నా చేతులు కూడా తడుపుకోమన్నాడు. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి రోగాలు పట్టుకుంటాయట. ఒక్క మాట కసరలేదు. చేప ఊపిరి తీసుకుని తోక విదిల్చి వెళ్ళిందాకా నీళ్ళలో మోకాళ్ళ మీదే ఉన్నాడు.

మూడు వారాల తర్వాత, నవంబరు రాత్రి, చెరువంతా మంచు. ఆయన అలారం మోగింది. మనం బెండు మునుగుతుందేమోనని చూసేవాళ్ళం కదా, ఇక్కడ లైను కదిలితే కూత పెట్టే పెట్టె ఉంటుంది. ఆయనకి మోకాళ్ళ నొప్పి, గబుక్కున లేవలేడు. ‘వల పట్టుకుంటావా?’ అన్నాడు. అబ్బయ్యా, ఆ మాట విలువ అప్పుడు నాకు తెలియదు. ఏడాదికోసారి దొరికే చేపని ఒడ్డుకి తెచ్చేటప్పుడు వల ఎవరి చేతికి పడితే వాళ్ళ చేతికివ్వరు. తొందరపడి వలని చేప మీదికి తోశామంటే లైను తెగిపోతుంది. ఆయన చెప్పినట్టు వల ముందే నీళ్ళలో ముంచి, కదలకుండా పట్టుకున్నాను. ఇరవై నిమిషాలు. వేళ్ళు మొద్దుబారిపోయాయి. చేప తల వల తాడు దాటగానే ‘ఇప్పుడు’ అన్నాడు, లేపాను. టార్చి వెలుతురులో ఒంటి మీద అక్కడక్కడా నాణేలంత పొలుసులు, మిర్రర్ కార్ప్ అనే రకం, ఇరవై ఆరు పౌండ్ల బరువు. దాన్ని వదిలాక చేతులు తుడుచుకుని టీ పెట్టాడు. మాది ఏ ఊరని అప్పుడు మొదటిసారి అడిగాడు. పెన్నా గురించి, సంగం ఆనకట్ట గురించి, మన కాలవ గట్ల గురించి తెల్లవారేదాకా చెప్పాను.

ఆయన నాకు చెప్పిన మొదటి కథ కూడా ఇద్దరు స్నేహితులదే. 1952లో రిచర్డ్ వాకర్ రెడ్‌మైర్ అనే కుంటలో 44 పౌండ్ల కార్ప్ పట్టాడు, అప్పటికి అది దేశంలో రికార్డు. ఆ రాత్రి పక్కన పీట్ థామస్ ఉన్నాడు. ఆ చేప తర్వాత చాలా ఏళ్ళు లండన్ జూలో బతికింది. ఆయన ఈ కథ చెప్పేటప్పుడు చేప బరువు ఒకసారి చెప్తే పీట్ పేరు మూడుసార్లు చెప్తాడు.

మన దగ్గర గాలం బరువెక్కితే గట్టంతా ‘లాగరా లాగు’ అని అరుస్తూ పరుగెత్తుకొస్తుంది. ఇక్కడ అరుపులుండవు. చీకట్లోంచి ఒక మనిషి వల తీసుకుని వచ్చి నీ పక్కన నిలబడతాడు, అంతే. మొదట్లో నాకు వీళ్ళు ముభావంగా అనిపించారు, ఆ నిశ్శబ్దం అలవాటవడానికి ఏడాది పట్టింది. అందుకే రాత్రిపూట ఇంటికి వీడియో కాల్ చేయాలనుకుంటే కారు దగ్గరికి వెళ్ళి చెయ్యి. తలకి కట్టుకునే లైటు నీళ్ళ మీదికి కొట్టకు.

పులిహోర చేసుకెళ్ళు. మా ఒడ్డున ఇప్పుడు శనివారం నేను రాకపోతే పులిహోర ఏదని మెసేజ్ పెడతారు.

---

కావలి అక్కని. అన్న చెప్పినవన్నీ నిజం. నేను మా ఆయనతో పాటు వెళ్తాను, నాకు విడిగా లైసెన్సుంది. రాత్రి చలి గురించి అన్న చెప్పలేదు. మన నెల్లూరోళ్ళకి ఆ తేమ ఎముకల్లోకి దిగుతుంది. కుర్చీలో కూర్చుంటే ముందు పాదాలే గడ్డకడతాయి, ఉన్ని సాక్సులు రెండు జతలు తీసుకెళ్ళు. ఎవరూ లేని చోట ఒంటరిగా రాత్రి ఉండొద్దు నాయనా, మొదటి ఏడాదైనా. గాలం నీళ్ళలోకి లాక్కుపోయినా దాని వెనకాల దిగొద్దు.

---

అన్నా, అక్కా, శనివారం వెళ్ళాను, ఒట్టి చేతులతోనే. గేటు పక్క స్విమ్‌లో ఒకాయన, మా నాన్న వయసుంటుంది. ‘ఏమైనా పడిందా?’ అన్నాను. లేదన్నాడు. ఇంకేం మాట్లాడాలో తెలియక అక్కడే గడ్డి మీద కూర్చున్నాను. గంటన్నర ఇద్దరం నీళ్ళ వైపు చూస్తూ ఉన్నాం. వచ్చేస్తుంటే వచ్చే శనివారం పొద్దున ఆరింటికి ఇక్కడే ఉంటానన్నాడు. తన దగ్గర మడత కుర్చీ ఒకటి అదనంగా ఉందట, తెస్తానన్నాడు.

అక్కా, పులిహోరకి ఇక్కడి నిమ్మకాయలు పనికొస్తాయా, చింతపండు వెతుక్కోవాలా?