అద్దానికి అతుక్కుపోయిన పాత ఫొటోలు: బాగుచేయించి ఫ్రేమ్ కట్టించేదెలా?

పాతపెట్టె:
నాలుగు ఫొటోలు ఉన్నాయి. తాతయ్య, నానమ్మల పెళ్లినాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఫ్రేమ్‌లోనే అద్దానికి అతుక్కుపోయింది, ఒక మూల బూజు కూడా పట్టింది. రెండోది ముత్తాతగారి పాస్‌పోర్ట్ సైజు ఫొటో. మధ్యలో మడత పడి, ముఖం పక్కనుంచి చిరిగింది. ఆయనది ఇదొక్కటే మిగిలింది. మూడోది 1970ల నాటి కలర్ ఫొటో, మొత్తం ఎర్రబారిపోయింది. నాలుగోది చేత్తో రంగులద్దినది. స్టూడియోలో అడిగితే "అద్దం నుంచి ఊడదీసి, తుడిచి, బాగుచేసి ఇస్తాం, అసలువి వదిలి వెళ్లండి" అన్నారు. వదలొచ్చా? వాళ్లను ఏమేం అడగాలి? చివరికి నాలుగూ హాల్లో తగిలించాలని ఉంది.

స్కానింగ్‌బల్ల:
మొదటిదాన్ని ఎవరినీ ఊడదియ్యనివ్వకండి. ఆ ప్రింటు పైపొర జెలటిన్, అంటే బొమ్మను పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం. చెమ్మకు మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, ఆరాక బిగుసుకుపోతుంది. లాగితే కాగితం చేతికొస్తుంది, బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. నీళ్లలో నానబెట్టి విడదీసే పద్ధతి ఒకటుంది గానీ మీ ఫొటోకి బూజు ఉంది. బూజు తిన్నచోట జెలటిన్ నీళ్లకు కరిగిపోయే స్థితికి వస్తుంది, ఆ మూల కొట్టుకుపోవచ్చు. అది ఫొటోల సంరక్షణ నేర్చినవాళ్లు చేయాల్సిన పని, స్టూడియో పని కాదు.

మరి బాగుచేయించడం ఎలా అంటే, అద్దంతో సహా కాపీ తీయించాలి. ఫ్రేమ్ వెనక మేకులు తీసి, అద్దమూ ఫొటో కలిసే బయటికి తీయాలి. అద్దం బయటివైపు మాత్రమే తుడవాలి, అదీ గుడ్డను కాస్త తడిపి. ద్రవం నేరుగా చల్లితే అంచుల్లోంచి లోపలికి పోతుంది. ఇక్కడ స్కానర్ రకం చూసుకోవాలి. పల్చగా ఉండే సీఐఎస్ (కాంటాక్ట్ ఇమేజ్ సెన్సర్) స్కానర్లు తమ గాజుకు ఆనిన దాన్నే స్పష్టంగా చూస్తాయి, మధ్యలో 2 మి.మీ. అద్దం వస్తే బొమ్మ మసకబారుతుంది. లోపల లెన్స్ ఉండే, కాస్త మందపాటి సీసీడీ స్కానర్ అయితే కొంత లోతు వరకు పట్టుకుంటుంది. అంతకన్నా మేలు పైనుంచి కెమెరాతో తీయడం: రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో లైట్లు, లెన్స్ చుట్టూ నల్ల అట్ట. ఆ అట్ట లేకపోతే అద్దంలో కెమెరా నీడే కనిపిస్తుంది. ఫొటోలో నల్లని చోట్ల వెండి మెరుపు వచ్చి ఉంటే స్కానర్‌లో అది నీలి పొగలా పడుతుంది. లైట్లకూ లెన్స్‌కూ పోలరైజర్లు (మెరుపును ఆపే ఫిల్టర్లు) పెట్టి తీస్తే చాలావరకు పోతుంది.

పాస్‌పోర్ట్ సైజుకు 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) అడగండి. 35 x 45 మి.మీ. ఫొటో అప్పుడు సుమారు 1650 x 2100 పిక్సెళ్లు వస్తుంది, 300 డీపీఐలో 5.5 x 7 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. 2400 పెట్టినా సాధారణంగా కొత్త వివరం రాదు, కాగితపు పీచు, దుమ్ము పెద్దవవుతాయి, అంతే. 4 x 6 ఫొటోలకు 600 చాలు.

బ్లాక్ అండ్ వైట్ అయినా 48 బిట్ కలర్‌లోనే స్కాన్ చేయించండి. కలర్ ఫైల్లో రెడ్, గ్రీన్, బ్లూ అని మూడు ఛానెళ్లు (ఒక్కో రంగుకు ఒక్కో పొర) ఉంటాయి. పసుపు మరక బ్లూ ఛానెల్‌లో ముదురుగా కనిపిస్తుంది, రెడ్ ఛానెల్‌లో దాదాపు మాయమవుతుంది. రీటచ్ (ఫైలు మీద మరమ్మతు) చేసేవాళ్లకు ఆ రెడ్ ఛానెల్ ఒక్కటే సగం పని తగ్గిస్తుంది. గ్రేస్కేల్‌లో తీసుకుంటే ఆ వీలు పోతుంది. ఫైలు టిఫ్‌లో (వివరం పోకుండా దాచే ఫైలు రకం) ఉండాలి, ఆటో షార్పెన్, దుమ్ము తొలగింపు రెండూ ఆపేసి ఉండాలి.

చేత్తో రంగులద్దినదానికి తడి అస్సలు తగలకూడదు, రంగు పాకుతుంది. మెత్తని కుంచెతో మధ్యనుంచి అంచులకు దుమ్ము దులిపితే చాలు. రంగు పొట్టు లేస్తుంటే అదీ వద్దు.

రీటచ్:
అసలువి వదలొద్దు, మీ ఎదురుగానే స్కాన్ చేయించి వెంట తెచ్చుకోండి. మిగతా పనంతా ఫైలు మీదే.

చిరుగు, మడత పెద్ద సమస్యలు కావు. ముఖంలో కన్నో పెదవో పోయినప్పుడే కష్టం. ఏఐ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే క్షణాల్లో నున్నటి ముఖం వస్తుంది, కాకపోతే అది మీ ముత్తాతగారిది కాకపోవచ్చు. చిన్న ఫొటోలో లేని కనురెప్పలు, పలువరుస, చర్మపు మెరుపు అది ఊహించి గీస్తుంది. గీతలు, మచ్చలు తీయడానికి వాడితే వాడనివ్వండి, ముఖం మాత్రం చేత్తో చేయించండి. ఆ పోలికలున్న మరొకరి ఫొటో ఇస్తే వాళ్లకు ఆధారం దొరుకుతుంది. పని పూర్తయ్యాక స్కాన్‌ను, బాగుచేసిన ఫొటోను పక్కపక్కన పెట్టి కళ్ల మధ్య దూరం, చెవి ఆకారం, దవడ గీత చూడండి. తేడా అక్కడే దొరుకుతుంది.

మూడో ఫొటో ఎర్రబారడానికి కారణం ప్రింటులోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు వెలిసిపోవడం. చీకట్లో ఆల్బమ్‌లో ఉన్నా అది జరుగుతుంది. ఒక్కో ఛానెల్‌కు లెవెల్స్ (వెలుగు, చీకటి మోతాదు) విడివిడిగా సరిచేస్తే చాలావరకు తిరిగొస్తుంది, నీడల్లో కొంత తేడా మిగులుతుంది. అడగాల్సినవి: ముట్టుకోని స్కాన్ ఫైలు, లేయర్లు (ఒక్కో మరమ్మతు ఉన్న పొరలు) విడిగా ఉన్న ఫైలు, చివరి ప్రింటు ఫైలు. మూడూ కావాలి. బ్లాక్ అండ్ వైట్‌కు రంగులు వేయించాలనుకుంటే అది వేరే కాపీగా ఉండాలి.

చెక్కచట్రం:
ఫ్రేమ్ సంగతి. మీ మొదటి ఫొటోకి పట్టిన గతే మళ్లీ పట్టకూడదంటే ప్రింటు అద్దానికి తగలకూడదు. మధ్యలో కిటికీలా కోసిన మౌంట్ బోర్డు ఉండాలి, కిటికీ నాలుగువైపులా ప్రింటు మీదికి 3 మి.మీ. రావాలి. బోర్డు ఆమ్లం లేనిది, లిగ్నిన్ (కాగితాన్ని పసుపెక్కించే చెక్కలోని పదార్థం) లేనిది అయి ఉండాలి. మామూలు అట్ట కొన్నేళ్లకు కోసిన అంచు దగ్గర గోధుమరంగుకు తిరిగి, ప్రింటు మీద కిటికీ ఆకారంలోనే గీత పడుతుంది.

ప్రింటును జిగురుతోనో సెల్లో టేపుతోనో అంటించొద్దు. బోర్డుకు అంటించిన కాగితపు మూలల్లో ప్రింటును దోపినా సరే, పల్చని జపనీస్ కాగితం, గోధుమ గంజితో పై అంచున రెండు చోట్ల వేలాడదీసినా సరే. నాలుగువైపులా అంటిస్తే తేమకు కాగితం సాగే చోటులేక అలలు తేలుతుంది. వెనక ప్లైవుడ్, ఎండీఎఫ్ వద్దు, వాటినుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి. ఆమ్లం లేని ఫోమ్ బోర్డు వేయించండి.

ఇంక్‌జెట్ ప్రింటైతే పిగ్మెంట్ ఇంకుతో (సన్నని రంగు పొడి కలిసిన ఇంకు) కాటన్ కాగితం మీద తీయించి, కనీసం ఒక రోజు ఆరనిచ్చి ఫ్రేమ్‌లో పెట్టాలి. తొందరపడితే అద్దం లోపలివైపు పొగలాంటి మసక కడుతుంది.

పాతపెట్టె:
చాలా థాంక్సండీ. ఒక్క సందేహం. యూవీ అద్దం వేయిస్తే రంగులద్దిన అసలు ఫొటోనే తగిలించొచ్చా?

చెక్కచట్రం:
వద్దండి. ఆ అద్దం అతినీలలోహిత కిరణాలనే ఆపుతుంది, కంటికి కనిపించే వెలుతురు కూడా ఆ రంగులను వెలిసేలా చేస్తుంది. కాపీ తగిలించండి. అసలుది పాలియెస్టర్ కవరులో, ఆమ్లం లేని పెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. రంగు పొట్టు లేస్తుంటే కవరు బదులు మడిచిన కాగితంలో ఉంచండి, పాలియెస్టర్ స్థిరవిద్యుత్తుకు పొట్టును లాగేస్తుంది. పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) కవరు, లామినేషన్ ఏ ఫొటోకీ వద్దు.

ఇంకొకటి, ఫ్రేమ్ పట్టీ ఎంచుకునేటప్పుడు లోపలి గాడి లోతు కొలవండి. అద్దం 2, మౌంట్ 1.5, ప్రింటు వెనక ఆనే బోర్డు 1.5, దాని వెనక ఫోమ్ 5 కలిపితే 10 మి.మీ. గాడి 12 అయినా ఉండాలి. సన్నపట్టీ ముచ్చటగా ఉందని తీసుకుంటే కట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు తీసేసేది మౌంటే.