బొలెరోని రాసింది రవేలా, రవేల్ జబ్బా?

పెన్నా ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

ఫ్రెంచి సంగీతకర్త మోరిస్ రవేల్ 1928లో రాసిన 'బొలెరో' చాలామంది వినే ఉంటారు. సుమారు పావుగంట సేపు ఒకటే దరువు. స్నేర్ డ్రమ్ మీద అది 169 సార్లు వస్తుందని లెక్కపెట్టినవాళ్ళున్నారు. ఉన్నవి రెండే ట్యూన్లు, వాటినే తిప్పి తిప్పి వాయిస్తుంటే వాయిద్యాలూ శబ్దమూ పెరుగుతూ పోతాయి. తర్వాత కొన్నేళ్ళకి రవేల్‌కి మాట తడబడింది. రాత కష్టమైంది. తలలో వినిపించే సంగీతం కాగితం మీదికి రాలేదు. 1937 డిసెంబరులో తల తెరిచి ఆపరేషన్ చేస్తే కణితి ఏదీ కనబడలేదు. కొద్ది రోజులకే పోయాడు.

ఇప్పుడు రెండో కథ. కెనడాలో ఆన్ ఆడమ్స్ అని ఒక జీవశాస్త్రవేత్త. 1994లో ఆవిడ బొలెరో మొత్తాన్నీ బొమ్మగా వేసింది. ఆ సంగీతంలో 340 బార్లు (మన ఆవర్తనం లాంటిది అనుకోండి). ఒక్కో బారుకి ఒక్కో నిలువు పట్టీ, శబ్దం పెరిగేకొద్దీ పట్టీ ఎత్తు పెరుగుతుంది. చివర్లో శ్రుతి మారే చోట ఒక్కసారిగా నారింజ, గులాబీ రంగులు దూసుకొస్తాయి. మరో ఆరేళ్ళకి ఆవిడకీ మాట పోవడం మొదలైంది. ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా అన్నారు, అంటే మెదడులో భాషని చూసుకునే భాగం మెల్లగా కృశించిపోయే జబ్బు. రవేల్‌దీ అలాంటిదేనని కొందరు న్యూరాలజిస్టుల అనుమానం. బొలెరో రాసేనాటికి ఆయన వయసు 53. బొమ్మ వేసేనాటికి ఆవిడ వయసూ 53! రవేల్ జబ్బు సంగతి ఆవిడకి తెలియదట కూడా.

నా వాదన ఏమిటంటే, ఆ ఆగని దరువుని పుట్టించింది జబ్బే. కాదనేవాళ్ళు రండి.

ఉప్పుచేప

నాకు పోయిన నెలే 53 నిండాయి. పాటా రాలేదు, బొమ్మా రాలేదు. షుగర్ వచ్చింది.

నైట్ డ్యూటీ

న్యూరో వార్డులో నర్సుగా పదకొండేళ్ళు చేశాను, కాబట్టి కొంచెం చెప్తాను. కాలిఫోర్నియాలో బ్రూస్ మిల్లర్ అనే డాక్టరు బృందం 1990లలోనే దీన్ని గమనించింది. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, పక్క భాగాలు కృశించే జబ్బు, పైన చెప్పిన అఫేసియా కూడా ఈ జాతిదే) వచ్చినవాళ్ళలో కొందరు, అంతకుముందు కుంచె పట్టని వాళ్ళు కూడా, బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. ఆన్ ఆడమ్స్ మీద 2008లో పరిశోధన అచ్చేసిందీ వాళ్ళే. స్కానింగులో ఎడమవైపు ముందు భాగం బాగా కృశించి ఉంది. కుడివైపు వెనక భాగం మాత్రం మామూలు వాళ్ళ కంటే ఎక్కువగా ఉంది, రక్తప్రసరణ కూడా అక్కడ ఎక్కువే. ఇంట్లో గట్టిగా మాట్లాడే పెద్దాయన ఊరెళితే మూల కూర్చునే పిల్లాడి గొంతు బయటికొస్తుంది చూడండి, అలాంటిదన్నమాట.

కానీ పెన్నా ఒడ్డు గారూ, ఇలా బొమ్మలు వేసేవాళ్ళు ఎక్కడో కొద్దిమంది. మా వార్డులో ఈ జబ్బుతో చూసినవాళ్ళలో ఒక్కరూ వేయలేదు. దిండు కింద స్వీట్లు దాచుకు తిన్నారు. కన్న కూతురు ఏడుస్తుంటే టీవీ చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ గురించి ఎవరూ పేపర్లో రాయరు.

వీణ నేర్చుకుంటున్నా

తేదీలు చూడకుండా వాదిస్తే ఇలాగే ఉంటుంది.

బొలెరో నాట్యం కోసం రాసిచ్చింది. ఇడా రూబిన్‌స్టీన్ అనే నర్తకి అడిగింది. రవేల్ మొదట అనుకున్నది ఆల్బెనిజ్ అనే స్పెయిన్ సంగీతకర్త పియానో రచనల్ని ఆర్కెస్ట్రాకి మార్చి ఇద్దామని. వాటి హక్కులు వేరొకరి దగ్గర ఉండటంతో అది కుదరలేదు. అప్పుడు, ఒకే సంగతిని ఏ మాత్రం పెంచకుండా వాయిద్యాలు మాత్రం పెంచుకుంటూ పోతే ఎలా ఉంటుందో చూద్దామని కావాలనే పెట్టుకున్న నియమం ఇది. ఆ తర్వాత 1930లో, 1931లో రెండు పియానో కన్సర్టోలు (పియానో ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచనలు) పూర్తి చేశాడు. వాటిలో ఎక్కడుందండీ పిచ్చి పునరావృతం? జబ్బు 1928లో వచ్చి, రెండేళ్ళు సెలవు మీద వెళ్ళి, మళ్ళీ వచ్చిందా? పైగా ఆయనకి పోస్ట్‌మార్టం జరగలేదు. ఏ జబ్బో ఎవరూ తేల్చి చెప్పలేరు.

ఇంకోటి. ఒకే దరువు తిరిగి తిరిగి రావడమే రోగమైతే మన భజన బృందాలన్నిటికీ ఎమ్మారై తీయించాలి.

పెన్నా ఒడ్డు

భజన జోకు బాగుంది, ఒప్పుకున్నా. కానీ మీరే కన్సర్టోల మాట ఎత్తారు. ఆ రెండింట్లో ఒకటి ఎడమ చేతి ఒక్కదానికే రాసింది. ఎడమ చేతిని నడిపేది కుడి మెదడు. ఎడమ మెదడు మూలబడుతుంటే కుడి మెదడు పైకి వస్తోందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

వీణ నేర్చుకుంటున్నా

అయ్యా, అది ఎడమ చేతికే ఎందుకు రాశాడంటే, రాయించుకున్న పౌల్ విట్‌గెన్‌స్టయిన్ అనే పియానిస్టుకి మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది కాబట్టి.

ఉప్పుచేప

😂 పెన్నా ఒడ్డు గారూ, మంచినీళ్ళు తాగండి.

కోడలు పిల్ల

రోజూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను.

మా అత్తగారికి నాలుగేళ్ళుగా ఇదే జాతి జబ్బు. మొదట వస్తువుల పేర్లు పోయాయి. గరిటె 'అది', గేదె 'అది', నేనూ 'అది'నే. రెండేళ్ళ నుంచి ముగ్గు పట్టుకున్నారు. ముందూ వేసేవారు కానీ అందరిలాగే, నెలపెట్టిన నాటి నుంచి హడావుడి, కనుమ వెళ్ళాక రథం ముగ్గు వేసి ముగింపు. ఇప్పుడు ఏడు చుక్కల మెలికల ముగ్గు ఒక్కటే. వాకిలి నిండితే అరుగు, అరుగు నిండితే వీధి. గీత వణకదు. స్కేలు పెట్టినట్టు ఉంటుంది. ఎవరో ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెడితే 'దేవుడు ఒకటి తీసుకుని ఒకటి ఇచ్చాడు' అని కామెంట్లు.

ఆ ఫోటోలో కనబడనిది చెప్తాను. ఆపితే కొడతారు. సిమెంటు మీద రాసుకుని వేళ్ళు పుళ్ళు పడ్డాయి. అన్నం పెడతామని లేపినా లేవరు. ఇదివరకు ముగ్గు చూస్తే ఆ రోజు ఇంట్లో సంగతి తెలిసిపోయేది. ఆడపిల్ల వస్తోందంటే తామరపూలు వేసేవారు, కోపం వస్తే రెండు గీతలు గీసి లోపలికి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు మా మావయ్యగారు పోయిన నాడు కూడా అదే ముగ్గు వేయబోతే పట్టుకోవాల్సొచ్చింది. ఇది కళే అంటే కాదనను. కానీ ఇచ్చాడు అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

నైట్ డ్యూటీ

కోడలు పిల్ల గారూ, ముగ్గుపిండి పట్టే వేళ్ళకి మెత్తటి బట్ట చుట్టి చూడండి. బయట నేల మీద కాకుండా పెద్ద చెక్క పలక ఇస్తే కొందరు అలవాటు పడతారు. ఒకసారి ప్రయత్నించండి.

చిత్రలేఖనం మాస్టారు

ఇద్దరు చిత్రకారుల్ని పక్కపక్కన పెడతాను. విలియమ్ అటర్‌మోలెన్, లండన్‌లో ఉండిన అమెరికన్. 1995లో అల్జీమర్స్ అని తేలాక ఏళ్ళ తరబడి తన ముఖాన్నే వేసుకుంటూ పోయాడు. కళ్ళు జారాయి, ముక్కు పక్కకి పోయింది, చివరికి తల చుట్టూ గజిబిజి గీతలే మిగిలాయి. అందులో నైపుణ్యం పోయింది నిజమే. కానీ చూడండి, భయం పోలేదు. చెప్పాలనుకున్నది ఉంది.

రెండోవాడు విలెం డి కూనింగ్. 1980లలో, మతి మెల్లగా జారిపోతున్న కాలంలోనే వందల కొద్దీ బొమ్మలు వేశాడు. ముందటి గజిబిజి పోయి, తెల్లటి నేల మీద రిబ్బన్లలాంటి రంగు గీతలు. అద్భుతం అన్నవాళ్ళున్నారు, ఖాళీ అన్నవాళ్ళున్నారు. సహాయకులు కాన్వాసులు సిద్ధం చేసేవారు, పాత గీతల్ని కాన్వాసు మీదికి ప్రొజెక్టరుతో చూపేవారు. అంతకు కొన్నేళ్ళ ముందే భార్య తిరిగొచ్చి తాగుడు మాన్పించింది. మరి ఆ మార్పు జబ్బుదా, తాగుడు మానడానిదా, ముసలితనానిదా, సహాయకులదా? నాకైతే అవి ఇష్టం. నలభై ఏళ్ళు కుంచె పట్టిన చెయ్యికి గుర్తుండేది వేరే ఉంటుంది.

పెన్నా ఒడ్డు

రవేల్ విషయంలో ఓడిపోయాను. ఎడమ చేతి దెబ్బకి ఇంకా తేరుకోలేదు. ఆడమ్స్ విషయంలో మాత్రం వదలను.

వీణ నేర్చుకుంటున్నా

ఆవిడ 1986లోనే, కొడుక్కి కారు ప్రమాదం జరిగితే చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, అప్పుడు బొమ్మలు పట్టుకుంది. కుడివైపు మెదడు ఎక్కువగా ఉండటం జబ్బు వల్లా, పుట్టుకతోనా, ఏళ్ళ తరబడి బొమ్మలు వేయడం వల్లా? ఒక మనిషి స్కానుతో అది తేలదు.

పెన్నా ఒడ్డు

తేలదు సరే, కొట్టిపారేయడానికీ లేదు కదా. అది అక్కడ పెడదాం. కోడలు పిల్ల గారిని ఒకటి అడగాలనుంది, ఏమీ అనుకోకండి. ముగ్గు పూర్తయ్యాక అత్తగారు ఆగి చూసుకుంటారా?

కోడలు పిల్ల

చూసుకోరండీ. వెంటనే పక్క ముగ్గుకి చుక్కలు పెట్టేస్తారు.

కానీ మీరడిగాక నిన్న పొద్దున కావాలనే వెనక నుంచి ఒక చుక్క కాలితో చెరిపాను. గబుక్కున తిరిగి చూశారు. ఆ చుక్క మళ్ళీ పెట్టి, నా పాదం మీద చెయ్యి చాచి ఒక్కటిచ్చారు. తర్వాత చాలాసేపు నన్ను తిట్టారు, 'అది అది అది' అంటూ. పెళ్ళైన కొత్తలో తిట్టినట్టే.